వాషర్ లేని లెన్సు

సూర్యాపేటలో నా ఫొటో స్టూడియో మూతపడి తొమ్మిదేళ్ళు. సామానంతా అమ్మేశాను. ఒక పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, తక్కువ వెలుతురులోనూ పనిచేసే దాని 1.2 లెన్సు మాత్రం ఉంచుకున్నాను.

ఆ కెమెరాలో చూస్తే ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. కలిసిన చోట ఫోకస్. లెన్సు పూర్తిగా తెరిస్తే కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. కానీ అప్పుడు రెండు వేళ్ళ మందమే స్పష్టంగా వస్తుంది. కన్ను వస్తే చెవి రాదు. పెళ్ళయిన కొత్తలో నా భార్య ఆండాళును దీంతోనే తీశాను.

పోయిన వానకాలం లెన్సుకు బూజు పట్టింది. కోదాడలో కెమెరాలు బాగుచేసే జగదీశ్‌కు ఇచ్చాను. పాతికేళ్ళ పరిచయం. విప్పి, గాజులు తుడిచి, బిగించి ఇచ్చాడు. ఇంటి ముందు ఎండలో ఒక రీలు తీసి చూసుకున్నాను. అన్నీ బాగానే వచ్చాయి.

చలికాలంలో ఆండాళు మిర్యాలగూడ దవాఖానలో పడింది. ఇక లేవదని డాక్టరు నాతో అన్నాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు. మా కూతురు వాసవి సెల్లు ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టింది.

"సెల్లుల వద్దు బిడ్డా," అని నా వైపు తిరిగింది. "నీ పాత డబ్బాతోని తియ్యయ్యా. లైటు కొట్టకు. రేపు గోడకు పెట్టేటిది గదే కావాలె."

లెన్సు పూర్తిగా తెరిచాను. రెండు బొమ్మలూ ఆమె కంటి దగ్గర కలిశాయి. నాలుగు తీశాను. మూడో రోజు పోయింది.

రీలు కడిగితే నాలుగింటిలోనూ కళ్ళు మసక. చెవికమ్మల రాళ్ళు లెక్కపెట్టొచ్చు. దినాలకు ఓటరు కార్డు ఫొటోనే పెద్దది చేయించి పెట్టాం.

నెల తర్వాత జగదీశ్ బస్సెక్కి వచ్చాడు. కాగితం పొట్లంలో పల్చటి ఇత్తడి వాషర్. సొరుగు సర్దుతుంటే దొరికిందట. లెన్సు బిగించేటప్పుడు మరిచాడట. అది లేకపోతే కెమెరా కలిసిందని చూపించిన చోటికి కొంచెం వెనక ఫోకస్ పడుతుంది. లెన్సు సగం మూసి ఎండలో తీస్తే ఆ తేడా తెలియదు.

"తప్పయిపోయింది అన్నా. ఇటివ్వండి, ఇప్పుడే బిగిస్తాను."

ఇవ్వలేదు. నాలుగు ఫొటోలూ ముందు పెట్టాను. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మీరు లెన్సు పూర్తిగా తెరిచి తీసి చూసుకోలేదా అన్నా?" అన్నాడు మెల్లగా. "ముప్పై ఏళ్ళు ఫొటోలు తీశారు. ఈ లెన్సును ఎండలో చూస్తారా ఎవరైనా?"

కెమెరాలో కొత్త రీలు ఎక్కించాను.

"గా కిటికీ కాడ కూసో," అన్నాను.

కూర్చున్నాడు. లెన్సు పూర్తిగా తెరిచి, వాడి కంటి మీద కలిపి, ఒక్కటి తీశాను. కడిగి, కాగితం మీద వేసి పోస్టులో పంపాను.

జగదీశ్ దానికి ఫ్రేమ్ కట్టించి పనిబల్ల ఎదురుగా గోడకు పెట్టుకున్నాడట. కోదాడ పోయినప్పుడు వాసవి చూసింది. కళ్ళు మసకేనట, చెవి మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయట. అడిగినవాళ్ళకు ఆ మసక తన పనితనమేనని చెబుతున్నాడట. విన్నాను. మెత్తబడలేదు.

వాషర్ ఇంకా పొట్లంలోనే ఉంది. ఎండలో చూసుకుని తృప్తిపడ్డవాణ్ణి నేను. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి అలా తీసేవాళ్ళు ఎవరూ లేరు.