సోమవారపు చెయ్యి

పికుల్ తడిగుడ్డతో బుద్ధుడి వేళ్ల సందుల్లోని దుమ్ము తీస్తోంది. తల్లి పోయి ఆ రోజుకు నూరు రోజులు. కాసేపటి క్రితమే భిక్షువులు వచ్చి, సూత్రాలు చదివి, భోంచేసి వెళ్లారు. వంటింట్లో అన్నం ఉంచిన వెదురు బుట్టలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

పూజబల్ల మీద మూడు విగ్రహాలు. థాయ్ ఆచారంలో ఒక్కో వారానికీ ఒక్కో భంగిమలో బుద్ధుడు. ఇంట్లో ఎవరు ఏ వారం పుడితే ఆ వారపు బుద్ధుణ్ణి తెచ్చి పెట్టింది తల్లి. అక్క రంఫాది బుధవారం. ఆమె బుద్ధుడు రెండు చేతులా భిక్షాపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. పికుల్‌ది శుక్రవారం. చేతులు గుండెల మీద చేర్చి, నోరు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్న బుద్ధుడు. తల్లిది సోమవారం. అరచెయ్యి ఎత్తి, కొట్లాడుకునే చుట్టాలను ఆగమనే బుద్ధుడు.

ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి గుడ్డ ఆగిపోయింది. మణికట్టు చుట్టూ పసుపుపచ్చగా మారిన బంక గీత.

ఆరేళ్ల కిందట అక్కకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తల్లి ముందు పికుల్ నోరు జారింది. "చిన్నప్పుడు అక్కకు మూర్ఛలొచ్చేవి, ఇప్పుడేం లేవులెండి" అంది, మంచే చెబుతున్నాననుకుని. మర్నాటికల్లా సంబంధం తప్పిపోయింది. ఆ సాయంత్రం రంఫా విసిరిన ఇత్తడి గిన్నె పికుల్‌కు తగల్లేదు. సోమవారపు బుద్ధుడి చేతికి తగిలింది. తెల్లారి ఆమె చియాంగ్ మై బస్సెక్కింది. ఆనాటి నుంచీ చెల్లెలితో మాటల్లేవు.

విరిగిన బుద్ధుణ్ణి ఇంట్లో ఉంచుకోరు, గుడికి చేరుస్తారు. తల్లి పంపలేదు. చూపు ఆనని కళ్లతో తనే అతికించింది. బయటికి తిరగాల్సిన అరచెయ్యి లోపలికి తిరిగిపోయింది.

"ఇంకా ఉంచావటే దీన్ని?" అంటూ వచ్చింది ఉరై పిన్ని.

"మేమిద్దరం మాట్లాడుకునేదాకా ఆయనకు ఇక్కడ పనుందనేది అమ్మ."

"బాగుంది మీ అమ్మ అతుకు! మిమ్మల్ని ఆగమనాల్సినవాడు తనకు తనే చెప్పుకుంటున్నాడు." పిన్ని నవ్వబోయి కండువా అంచుతో కళ్లు ఒత్తుకుంది.

నూరో రోజుకని చియాంగ్ మై నుంచి వచ్చిన రంఫా, తిరుగు ప్రయాణానికి సిద్ధమై గుమ్మంలోకి వచ్చింది. "పిన్నీ, మెట్ల మీద నా సంచి ఉండాలి. ఎవరు తీశారో అడుగు."

"ఎదురుగానే ఉందిగా, నువ్వే అడుగు. నేనేమన్నా మీ ఇద్దరి మధ్య పోస్టాఫీసునా?"

"వాన పడేలా ఉందని లోపల పెట్టానక్కా" అంది పికుల్.

రంఫా పిన్ని వైపే చూస్తూ అంది. "శుక్రవారం పుట్టినవాళ్లు ఆలోచించి మాట్లాడతారట పిన్నీ. ఎవరు చెప్పారో గానీ."

పికుల్ గుడ్డ వదిలేసి నేల మీద మోకరిల్లి చేతులు జోడించింది. "తప్పయిపోయిందక్కా. అమ్మ చితి దగ్గర కూడా నువ్వు నాతో మాట్లాడలేదు. తిట్టు. ఏదన్నా సరే, నాతో అను."

రంఫా బల్ల దగ్గరికి వచ్చింది. తిరగబడ్డ ఆ చేతిని చాలాసేపు చూసింది. బంక గీత మీద బొటనవేలు ఆనించింది.

తర్వాత రంఫా బుధవారపు బుద్ధుణ్ణి రెండు చేతులా ఎత్తి, నుదుటికి ఆనించుకుని, తన కండువాలో చుట్టి, గోడ వారనున్న సంచిలో పెట్టుకుంది. బల్ల మీద దుమ్ము మధ్యన గుండ్రటి జాడ మిగిలింది.

"అది కూడా తీసుకుపోతావటే?" అంది పిన్ని.

రంఫా మెట్లు దిగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.