అగ్నిమంత్రం, పాత పేపర్ల కట్ట

అనుమానం పుస్తకం మొదటి పేజీలోనే పుట్టింది.

"ఇందులోని మంత్రాలను ఇంట్లో ప్రయోగించకండి. అగ్నిమంత్రం చదివేటప్పుడు మండే వస్తువులను దూరంగా ఉంచండి. నిజమైన డ్రాగన్ మిమ్మల్ని మింగితే ప్రచురణకర్తలు బాధ్యులు కారు. ఫిర్యాదులుంటే డ్రాగన్‌నే సంప్రదించండి."

ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన తుకారాం కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివాడు. సైనిక్‌పురిలోని ఆయన ఇంటి మేడగదిలో ఆదివారం ఆదివారం మనవరాలు సృజన, ఆమె స్నేహితులు భానుప్రకాశ్, షెకీనా బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ కథ అల్లుకుంటూ ఆడే ఆటకు అదే మూలగ్రంథం. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె. ఆడుకుంటే ఆడుకోనీ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఈ హెచ్చరిక మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. బస్తీలు తిరిగి దొంగబాబాల గుట్టు విప్పిన మనిషి ఆయన. గురువు లేకుండా జపిస్తే ప్రాణం మీదికి వస్తుందని బెదిరించని బాబాను ఎన్నడూ చూడలేదు. భయపెట్టడంతోనే బేరం మొదలవుతుంది.

"నవ్వులాటకు రాసిన్రు తాతా," అంది సృజన.

"నవ్విస్తూ నమ్మించేటోళ్ళను మస్తు మందిని చూసిన. పరీక్ష చేద్దాం. ఏం కాకుంటే ఇది అబద్ధపు హెచ్చరిక. అబద్ధాల పుస్తకానికి నా ఇంట్ల జాగ లేదు. మేడగదికి తాళమేస్తా."

సృజన ముఖం చిన్నబోయింది. కాప్రాలో భానుప్రకాశ్ వాళ్ళది ఇరుకిల్లు. షెకీనా ఇంట్లో గోల పనికిరాదు. ఈ గది పోతే ఆట పోయినట్టే.

పరీక్షకు పెద్దమనిషి సాక్ష్యం ఉండాలన్నది తుకారాం పాత నియమం. భార్య కమలాబాయిని పిలిచాడు. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన అగ్నిమంత్రం పేజీ తీసి, గొంతు సవరించుకొని, బల్ల అంచున ఉన్న పాత పేపర్ల కట్టను తీసి మూలన పెట్టాడు. అప్పుడు ఆ అర్థంలేని మాటలను స్పష్టంగా చదివాడు.

ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"చూసిన్రా. ఉత్త బూటకం. తాళం తెస్తా."

"తాతా, పేపర్లెందుకు జరిపినవ్?" అంది సృజన.

తుకారాం మూల వైపు చూశాడు. "ల్యాబ్ అలవాటు. ప్రయోగమంటే జాగ్రత్త ఉండాలె."

"గా పేజీ మేం ప్రతి వారం చదివి నవ్వుకుంటం. పేపర్లు ఒక్కసారి సుత జరపలే. ఈ గదిల దాన్ని నమ్మింది నువ్వొక్కనివే. మరి తాళం ఎవరికెయ్యాలె?"

షెకీనా నవ్వు దాచుకోవడానికి తల వంచుకుంది. కమలాబాయి దాచుకోలేదు.

సాక్షుల ఎదుట తప్పిన ప్రయోగాన్ని సాక్షుల ఎదుటే మళ్ళీ చేయాలన్నదీ తుకారాం నియమమే. కట్టను తెచ్చి పుస్తకానికి ఆనించి పెట్టి మంత్రం గబగబా చదివేశాడు. పేపర్లు చెక్కుచెదరలేదు.

"గది మీదే," అన్నాడు పుస్తకం మూస్తూ. "గానీ ఆ ఇరవై ముఖాల పాచిక మీద నాకు అనుమానం పోలే. ఉప్పునీళ్ళల్ల వేసి చూస్తా, ఎప్పుడూ ఒక్క ముఖమే పైకి తేలితే లోపల బరువు దాచినట్టే."

"అది తర్వాత," అంది కమలాబాయి. "రెండోసారి గింత జల్దీ చదివిండ్రేంది?"

తుకారాం వినబడనట్టు ఉప్పు కోసం వంటింటి దారి పట్టాడు.