కోడళ్ళు లేని ఫోటో

"నువ్వు చివర నిలబడు సిల్వీ. నువ్వేమీ అనుకోవని నాకు తెలుసు," అంది మా అత్తగారు బోర్గ్‌హిల్డ్.

నేనప్పుడు ఆవిడింట్లో ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. పెళ్ళిళ్ళకి వేసుకునే మా సంప్రదాయ దుస్తులు బునాడ్, దాని లోపలి తెల్ల చొక్కా. కాలరు మీది చేతికుట్టు నలగకుండా వెనకవైపు నుంచి, తడి పూర్తిగా ఆరకముందే చెయ్యాలి. ఆవిడ కన్నపిల్లలెవరికీ అది రాదు. నాకు వచ్చు. వచ్చు కాబట్టి ఏ శుభకార్యమొచ్చినా ఆ ఇంటి చొక్కాలన్నీ నా ముందుకే వస్తాయి.

"చివరంటే ఏంటత్తయ్యా?"

"అదే, గ్రూపు ఫోటోల్లో. ఎలాగూ అందర్నీ పిలుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటావు. చివరుంటే నీకే సుఖం కదా."

మా ఆడపడుచు ఇంగ్విల్ పెళ్ళి జూన్లో. ఫోటోలు తీసే అమ్మాయి మారెన్ ఆ మధ్యాహ్నమే కాఫీకి వస్తోంది, ఎవర్ని ఎక్కడ ఎలా తియ్యాలో మాట్లాడుకోవడానికి. చుట్టాల మొహాలన్నీ తెలిసిన మనిషి ఒకరు తనకి సాయం కావాలని ముందే ఫోన్లో చెప్పిందట. "సిల్వీ ఉందిగా" అన్నారట అందరూ ఒకేసారి. నన్నడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మా నార్వేలో ఆడా మగా సమానమని లోకమంతా చెప్పుకుంటుంది. నిజమే, మా ఆయన ఓద్వార్ అంట్లు తోముతాడు, మా అమ్మాయి తూవాని ఫుట్‌బాల్‌కి దింపుతాడు. కానీ ఏ రోజు దింపాలో నేను గుర్తుచెయ్యాలి. బూట్లు బిగుతయ్యాయని నేను చూడాలి. వాళ్ళ పెద్దత్తకి కుడిచెవి వినపడదనీ, ఫలానా బాబాయినీ పిన్నినీ పక్కపక్కన కూర్చోబెట్టకూడదనీ నా బుర్రలోనే ఉండాలి. "చెప్తే చేస్తాను కదా సిల్వీ, చెప్పవేం?" అంటాడు. చెప్పడం కూడా ఒక పనేనని ఎన్నిసార్లు చెప్పినా అతనికి అర్థం కాలేదు.

చివర నిలబడడం గురించే నా ఆలోచన. సోఫా పైన గోడ మీద ఒకచోట రంగు లేతగా ఉంది. అత్తగారి అరవయ్యో పుట్టినరోజు ఫోటో ఉండేదక్కడ. అందులో మా బావగారి భార్య సరిగ్గా నడిమధ్యలో, చంకలో పాపతో నవ్వుతూ ఉండేది. విడాకులయ్యాక ఆ ఫోటోని ఎలా కత్తిరిద్దామన్నా కుదరలేదు. ఆమెని తీసేస్తే పాప పోతుంది, అత్తగారి భుజం పోతుంది. చివరికి ఫోటోనే తీసేశారు. అంటే చివరున్నవాళ్ళని కత్తిరించడం తేలిక. నన్నెందుకు కత్తిరించాల్సొస్తుంది? వీళ్ళకి తెలిసి నాకు తెలియనిదేదో ఉందా? ఈ మధ్య ఓద్వార్ ఫోన్ బోర్లా పెడుతున్నాడు. పరిగెత్తడానికని కొత్త బూట్లు కొన్నాడు. తన చొక్కాలు తనే ఉతుక్కుంటున్నాడు. ఉతుక్కున్నందుకు సంతోషించాలో భయపడాలో తెలియని బతుకైపోయింది నాది. కొడుకు ముందే తల్లికి చెప్పుకున్నాడేమో. ఆవిడ నాకు కాఫీ పోస్తూ కళ్ళెత్తకపోవడం కూడా అందుకేనేమో.

మారెన్ వచ్చింది. కురచ జుట్టు, బురద బూట్లు, గలగలా మాట్లాడే పిల్ల. ఓద్వార్ బయట షెడ్డులో కారుకి మంచు టైర్లు తీసి వేసవి టైర్లు వేస్తున్నాడు. ఇంగ్విల్ ఆసుపత్రిలో డ్యూటీ వల్ల రాలేకపోయింది. బల్ల దగ్గర మేం ముగ్గురమే.

"మీరేనా సిల్వీ? హమ్మయ్య, ఆరోజు నా ప్రాణం మీ చేతుల్లో ఉంది," అంది నవ్వుతూ. "ముందు అందరితో ఒకటి తీస్తాను. తర్వాత కోడళ్ళూ అల్లుళ్ళూ కాస్త పక్కకి తప్పుకుంటే సొంతవాళ్ళతో ఒకటి. పిల్లలుంటారు అందులో."

"మా తూవా ఉంటుందా?"

"ఆ, ఉంటుంది. మనవరాలు కదా."

తూవా ఉంటుంది. దాన్ని కన్న నేను కెమెరా పక్కన నిలబడి, గడ్డం ఎత్తమ్మా, నవ్వమ్మా అంటుంటాను.

"ఎవరి ఆలోచన ఇది?" అత్తగారి వైపు చూస్తూనే అడిగాను.

"ఓద్వార్ గారే కదా ఫోన్ చేశారు! కోడళ్ళని చివర నిలబెట్టమన్నదీ ఆయనే. మీకు చెప్పలేదా?"

మారెన్ మొహం ఎర్రబడింది. అత్తగారు నెమ్మదిగా కప్పు కింద పెట్టింది.

"నేను వద్దన్నానమ్మాయ్," అంది. "వాడు వినలేదు. నువ్వే చెప్పమ్మా, నువ్వు చెప్తే నొచ్చుకోదు అన్నాడు."

చెప్పే పని కూడా ఇంకో ఆడదాని మీదికే తోశాడన్నమాట. ఇందాకటి నుంచీ ఆవిడని అనుమానించాను. ఆవిడా నాలాగే పురమాయించిన పని చేస్తోంది. మిగతా మాటలన్నీ మారెన్‌తో మామూలుగానే మాట్లాడాను.

తిరిగొచ్చేటప్పుడు కారు ఊరు దాటి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఫియోర్డ్ ఒడ్డు రోడ్డెక్కాక అడిగాను.

"ఎవరామె?"

"ఎవరు?"

"నువ్వు దాస్తున్నావే, ఆమె."

అతను నిజంగానే తెల్లబోయాడు. "పిచ్చా నీకు? ఎవరూ లేరు. తూవా మీద ఒట్టు."

నమ్మాను. ఓద్వార్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. ఊపిరి తీసుకున్నాను, తీసుకుంటుండగానే అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"మరి నన్ను చివర ఎందుకు?"

"ఓ, అదా." తేలిగ్గా నవ్వాడు. "అన్నయ్యది చూశాం కదా. అమ్మ ఎంత బాధపడింది ఆ ఫోటో తీసెయ్యాల్సొచ్చి! రేపేం జరుగుతుందో ఎవరికి తెలుసు చెప్పు? ఊరికే ముందుజాగ్రత్త. అన్నీ ముందే ఆలోచించాలని నువ్వే కదా అంటావు."

వేరే ఆడదుంటే కోపం తెచ్చుకునేదాన్ని, ఏడ్చేదాన్ని. ఎవరూ లేరు. గొడవ లేదు, ద్వేషం లేదు. నేను లేకపోయినా ఫోటో బాగుండాలని, అంతే.

"పద్నాలుగేళ్ళ కాపురంలో నువ్వు ముందుగా ఆలోచించిన పని ఇదొక్కటే ఓద్వార్," అన్నాను.

అతనేదో అనబోయాడు. నేను ఫోన్ తీసి ఇంగ్విల్‌కి చేశాను. "పెళ్ళికి వస్తాను ఇంగ్విల్, చుట్టంగా వస్తాను. అందర్నీ పిలిచి నిలబెట్టే పని మీ అన్నయ్య చేస్తాడు."

"ఏమైంది వదినా?" అంటోంది ఇంగ్విల్.

"మీ అన్నయ్యనే అడుగు," అని పెట్టేశాను.

"నేనా? నాకు వాళ్ళలో సగం మంది పేర్లు తెలీవు సిల్వీ!"

"నీ రక్తమే కదా, తెలుసుకో."

పక్కన నీళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. మా ఊరి మలుపు దగ్గర వేగం తగ్గించి నా వైపు చూశాడు. అలా అనుమానంగా అతను నన్ను చూడడం నేనెప్పుడూ ఎరగను.

"పెళ్ళయ్యాక ఇంటికొస్తావు కదా?"

"ఇంకా ఆలోచించలేదు," అన్నాను. మా ఇంటి సంగతుల్లో నేను ముందుగా ఆలోచించి పెట్టనిది అదే మొదటిది.