చలపతిరావు క్యారెట్ దీక్ష

ఇరవై ఏళ్లుగా సినిమాల్లో జడ్జీగానో డాక్టరుగానో ఒక్క డైలాగు చెప్పి వెళ్లిపోయే చలపతిరావుకు, తొంభై నాలుగులో హీరోయిన్ తండ్రి వేషం దొరికింది. మనిషి నేల మీద నిలవలేదు. కెమెరా ముందు మొహం మెరవాలంటే క్యారెట్ తినాలని ఫిల్మ్‌నగర్‌లో ఎవరో అన్నారట. ఇక చూసుకోండి, పొద్దున క్యారెట్ రసం, మధ్యాహ్నం క్యారెట్ కూర, రాత్రికి పచ్చి క్యారెట్!

"అతి సర్వత్ర వర్జయేత్ అన్నారండీ. వంకాయా తోటకూరా ఏం పాపం చేశాయి?" అని భార్య రాజ్యలక్ష్మి మొత్తుకుంది. వింటేగా!

రెండు నెలలకు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో పెళ్లి సీను పెట్టారు. కన్యాదానం చేసే చేతుల క్లోజప్ తీశాక, హీరోయిన్ ఆయన అరచేతులు చూసి కెవ్వుమంది. పచ్చగా ఉన్నాయి. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, ఇక్కడ లోకానికంతా ఆయనొక్కడే పచ్చగా కనబడ్డాడు. నిర్మాత బసవపున్నయ్య షూటింగ్ ఆపేశాడు.

"డాక్టరుకు చూపించుకోండి. కామెర్లయితే మాత్రం ఇంకొకర్ని పెట్టుకుంటాం, ఏమనుకోకండి" అన్నాడు.

చలపతిరావు పెళ్లి బట్టలతోనే ఆస్పత్రికి పరుగెత్తాడు. ఇన్నేళ్లకు దొరికిన వేషం మరి!

డాక్టరమ్మ కళ్లు చూసి, రక్తపరీక్ష చేయించి నవ్వేసింది. "కామెర్లయితే కంట్లో తెల్లగుడ్డు పచ్చబడాలి. మీకేం లేదు. ఇది క్యారెట్ రంగు, చర్మంలో చేరింది. కళ్లకు మంచిదే. కానీ టమాటా ఎరుపు, ఆకుకూర పచ్చ, వంకాయ ఊదా, ఒక్కో రంగుది ఒక్కో మేలు. అన్నీ తినండి. క్యారెట్ తగ్గిస్తే కొన్ని వారాల్లో ఇది పోతుంది."

ఈ శుభవార్త చెబుదామని మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ బంగళాకు వెళితే, బసవపున్నయ్య తల పట్టుకున్నాడు. "రంగు పోతే ఎట్టాగండీ? క్లోజప్‌లో చేతులు పచ్చగా పడ్డాయిగా! అప్పగింతల సీను వచ్చే నెల. రెండూ అతకవు. మొత్తం ఇంకొకరితో తీసుకోవడమే మేలు."

"క్యారెట్లు మాననండీ! ఇంకో బస్తా తింటాను!" అన్నాడు చలపతిరావు ఏడుపు గొంతుతో.

"మీరుండండి." రాజ్యలక్ష్మి ముందుకొచ్చింది. "అన్నయ్యగారూ, పెళ్లింట్లో ఆడపిల్ల తండ్రి చేతులకు పసుపంటదా? అప్పగింతల సీనప్పుడు ఈయన చేతులకు కాస్త పసుపు రాయండి, సరిపోదూ?"

మేకప్‌మాన్ శాంతరాజు పగలబడి నవ్వాడు. "ఇంతమందిమున్నాం, ఒక్కరికీ తట్టలేదేంటయ్యా!" అన్నాడు బసవపున్నయ్య.

మరుసటి నెల, పసుపు చేతులతో హీరోయిన్‌ను అత్తారింటికి అప్పగించాడు చలపతిరావు. వేషం దక్కిన సంతోషం ఒక్కసారిగా పొంగుకొచ్చి బావురుమన్నాడు. కన్నీళ్ల కోసం శాంతరాజు తెచ్చిన గ్లిజరిన్ సీసా మూత తీయాల్సిన పనే రాలేదు.