మూతపడ్డ వాన

అత్త పోయిన రోజే, ఆమె బొమ్మల్లో వేసే వాన కథ మూతపడింది. పోయినవాళ్ళ పేరు మేం పలకం. వాళ్ళు వేసిన బొమ్మ వెయ్యం, ఇసుకలో వేలితోనైనా గియ్యం. దుఃఖం తీరాక మళ్ళీ తెరవాల్సింది ఆమె కొడుకు క్లేటన్ బావ. కథ మా నాన్న వైపుది కాబట్టి నాది, కాపలా బావది. మా ఎడారిలో అంతే, వండేది ఒకరు, మూత తీసేది ఇంకొకరు.

నాన్న నాకిచ్చింది ఆ ఒక్క కథే. బొమ్మల షెడ్డులో అందరూ తమ తమ చీమల కథలూ దుంపల కథలూ వేసుకుంటుంటే నేను ఖాళీ గుడ్డ ముందు చేతులు కట్టేసినట్టు కూర్చునేదాన్ని. చూపు మసకబారుతోంది. మా అన్న కూతురు డెల్వీన్‌కి ఆ కథలో వాన నడిచే చెలమల వరస ఇంకా చూపించనేలేదు. నా కళ్ళు పోయాక బావ తెరిస్తే ఎవరికి లాభం? అడుగుదామంటే అడగకూడదు, దుఃఖాన్ని తొందరపెట్టినట్టవుతుంది. బావేమో కిడ్నీల మిషను కోసం పట్నంలో పడి ఉన్నాడు. నాకు అందరిమీదా కోపమే, పోయిన అత్తమీద కూడా.

చెయ్యి ఊరుకోక ఒట్టి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ఉత్త ఇసుక. దానికెవరి అనుమతీ అక్కర్లేదనుకున్నాను.

చుట్టాల చావుకని బావ ఊరొచ్చాడు. షెడ్డులోకొచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏం వేస్తున్నావ్ మరదలా?"

"ఇసుక."

"నీకు కనబడదేమో గానీ నాకు కనబడుతుంది."

గుడ్డ ఎత్తి దూరంగా పట్టుకున్నాడు. అప్పుడు నాకూ తెలిసింది. చుక్క పెట్టకుండా వదిలిన చోట్లన్నీ చెలమలే.

బావ కింద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మ ఇలాగే వంపు తిప్పేది."

"తెరుస్తావా బావా?" నోరు జారాను.

"నావల్ల కాదే. నల్లరంగు పూసి మూసెయ్."

ఏడుస్తూనే కుంచె ముంచి, దగ్గరున్న చెలమ మీద పెట్టబోయాను.

"అది కాదు. ముందు తూర్పుది. తర్వాత రాతి కిందది. అక్కణ్ణించి వాన వెనక్కి తిరుగుద్ది, పాము పుట్ట దగ్గరికి. వరస తప్పకు." గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లవైపు తల తిప్పి, "డెల్వీన్, ఆ ఫోను అవతల పెట్టి రంగు డబ్బా పట్టుకో. మీ అత్తకి సరిగా ఆనదు. ఒక్కటి మిగిలినా ఊరుకోను" అన్నాడు.

బావ చెబుతూ పోయాడు, నేను పూడుస్తూ పోయాను. డెల్వీన్ నా మణికట్టు పట్టుకుని ఒక్కో చోటికీ జరిపింది. చివరికి చెలమలన్నీ నల్లబడ్డాయి. కథ ఇంకా మూతపడే ఉంది, నా చేతులూ ఇంకా కట్టేసినట్టే ఉన్నాయి.

గుడ్డ ఆరుతుండగా డెల్వీన్ పెదాలు కదిలాయి. "తూర్పుది... రాతి కిందది... వెనక్కి తిరిగి..."

"ఏంటే గొణుగుతున్నావ్?" అన్నాడు బావ.

"ఏం లేదు మావయ్యా."

"ఏం లేదుగా," అంటూ బావ గోడ పట్టుకుని లేచాడు. "అయితే మర్చిపోకు."