క్లోవిస్ నోట తెల్ల పెర్చ్

నా బావమరిది క్లోవిస్‌తో నేను రెండేళ్లు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో అడిగినవాళ్లందరికీ పూసగుచ్చినట్టు చెప్పాను. అడగనివాళ్లకి ఇంకా వివరంగా చెప్పాను. చెప్పీ చెప్పీ ఆ కథ ఎంత నున్నగా తయారైందంటే, అందులో నేను తప్ప మంచివాడంటూ ఒక్కడూ మిగల్లేదు.

నార్త్ కరొలినా పై అంచున, వర్జీనియా సరిహద్దులో ఉన్న మా జలాశయంలో క్రాపీ చేపలు పట్టేవాడికి ఆస్తి అంటే ఇల్లూ కాదు, పడవా కాదు. నీటి అడుగున ముంచిన చెట్లు. జనవరిలో జనం రోడ్డు పక్కన పారేసిన క్రిస్మస్ చెట్లని ఏరుకొచ్చి, మొదళ్లకి సిమెంటు ఇటుకలు కట్టి, ఎవరి కంటా పడకుండా తీసుకెళ్లి ముంచుతాం. వసంతంలో నీళ్లు వెచ్చబడి డాగ్‌వుడ్ చెట్లు పూసే వేళకి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి బయల్దేరిన క్రాపీలు దారిలో ఆ కొమ్మల మధ్య ఆగుతాయి. చెట్లెక్కడ ముంచావని ఇక్కడ తండ్రిని కొడుకు కూడా అడగడు. నేనూ క్లోవిసూ కలిసి పాత రైలు వంతెన దగ్గర పదమూడు చెట్లు ముంచాం. ఆ చోటు నా భార్య ఒడెట్‌కి కూడా చెప్పలేదు. ఆమె క్లోవిస్‌కి సొంత అక్క.

వాళ్లది లూసియానా. క్లోవిస్ ముప్పయ్యేళ్ల క్రితం అక్కని చూసిపోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అన్నీ మార్చుకున్నాడు గానీ ఒక్క మాట మార్చుకోలేదు. వాళ్ల వైపు క్రాపీని తెల్ల పెర్చ్ అంటారు. మా దగ్గర తెల్ల పెర్చ్ అంటే వేరే చేప. అరచేతంత ఉండి, నిండా ముళ్లతో, మన ఎర మొత్తం మేసి పోయే దరిద్రపు చేప. అది పడిందంటే మావాళ్లు గాలం చుట్టేసి ఇంకో చోటికి పోతారు.

"బావా, ఇటు చూడు! ఎంత తెల్ల పెర్చో!" అనేవాడు క్లోవిస్, రెండు పౌన్ల క్రాపీని పైకెత్తి.

"ఒరేయ్, అది క్రాపీ రా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నాకెందుకు చెప్తావు? దాన్నే అడుగు. మా అమ్మ పెట్టిన పేరుకైతేనే పలుకుతుంది."

ముప్పయ్యేళ్లు నేను దిద్దుతూనే ఉన్నాను, వాడు దిద్దుకోకుండానే ఉన్నాడు. చివరికి నా చెవులే లొంగిపోయాయి. వాడు తెల్ల పెర్చ్ అనగానే అవి తమంతట తామే క్రాపీ అని వినేవి.

ఒడెట్ పోయి ఈ వసంతానికి నాలుగేళ్లు. ఆమె పోయాక ప్రతి శనివారం క్లోవిస్ నా పడవలో ముందు సీట్లో కూర్చునేవాడు. ఆమె గురించి మేమేమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. అచ్చం ఆమె చేసినట్టే, మెత్తటి బన్నుల్లాంటి బిస్కెట్లలో సాసేజ్ పెట్టి తెచ్చేవాడు. నేను తినేవాణ్ణి. నాకు అదే పెద్ద ఓదార్పు అని అప్పట్లో తెలియలేదు, బిస్కెట్లు బాగున్నాయనుకున్నాను.

రెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో క్లోవిస్‌కి నడుం పట్టేసింది. పడవ ఎక్కలేక, వెర్లీనక్క ఎర కొట్టులో కాఫీ తాగుతూ పొద్దుపుచ్చేవాడు. నేనొక్కణ్ణే శుక్రవారం వెళ్లాను, చేపలు బాగా పడ్డాయి. శనివారం పొద్దున్నే మళ్లీ వెళ్లేసరికి మా చెట్ల మీద మూడు పడవలు! మూడింటికీ వర్జీనియా నంబర్లు.

నేను చాలా మర్యాదగా అడిగాను. మర్యాదగానే అడిగానని నా నమ్మకం.

"ఈ చోటు ఎవరు చెప్పారయ్యా మీకు?"

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు గడ్డమున్నాయన. "నిన్న ఎర కొట్టులో ఒకాయన్ని అడిగాం. లూసియానా యాస ఆయనది. వంతెన దగ్గర తెల్ల పెర్చ్ తప్ప ఇంకేం లేవన్నాడు. కానీ మేము..."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. అప్పటికే నేను మోటారు తిప్పేశాను. తెల్ల పెర్చ్ తప్ప ఇంకేం లేవట! అంటే అంతా క్రాపీయే అని చెప్పాడన్నమాట! నా చెవులు వాటి పని అవి చేశాయి.

కొట్టులో ఆ పొద్దున ఎనిమిది మంది ఉన్నారు. క్లోవిస్ నడుం మీద చెయ్యేసుకుని లేచి, "ఏం బావా, అప్పుడే వచ్చేశావు?" అన్నాడు.

"వర్జీనియావాళ్లకి మన చెట్లు అప్పజెప్పావు కదరా! ఇంకెక్కడ కూర్చోను?"

"నేనా?"

"నువ్వే. మన తెల్ల పెర్చ్ సంగతి వాళ్లకి చెప్పలేదూ?"

"చెప్పాను. కానీ బావా..."

"చాలు. ఒడెట్ తమ్ముడివని ఇన్నాళ్లూ పడవలో కూర్చోబెట్టుకున్నాను. ఆమే పోయాక ఇంక నీకూ నాకూ ఏం సంబంధం?"

క్లోవిస్ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, వంగిపోయి నడుస్తూ వెళ్లిపోయాడు. ఆ నడక నడుం నొప్పి వల్లే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

తర్వాతి రెండు వసంతాలూ ఒక్కణ్ణే వెళ్లాను. గాలం చూసుకుంటే పడవ కొట్టుకుపోయేది, పడవ చూసుకుంటే బెండు మునిగిపోయేది. రెండూ చూసుకోబోయి ఒకసారి నేనే మునిగాను. క్రాపీ పెదవి కాగితమంత పల్చన, విసురుగా లాగితే చిరిగిపోయి చేప జారిపోతుంది. మెల్లగా లాగడం నాకు బాగా చేతనవును. చేపల దగ్గర నా అంత సున్నితమైన మనిషి ఈ జలాశయం మొత్తం మీద లేడు.

ఈ మార్చి నెలాఖరున, ఒక శనివారం మధ్యాహ్నం, చేపపిల్లల ఎర కోసం కొట్టుకెళ్లాను. వెర్లీనక్క తొట్టిలోంచి వలతో చేపపిల్లల్ని తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

"క్లోవిస్ ఇల్లు అమ్మేశాడు, తెలుసా? లూసియానా వెళ్లిపోతున్నాడు."

చిల్లర ఇవ్వబోయి పడవ తాళాలు బల్ల మీద పెట్టాను. పైకి మాత్రం, "పోనీలే. అక్కడ వాడి తెల్ల పెర్చ్ వాడికి దొరుకుతాయి," అన్నాను.

వెర్లీనక్క వల కింద పెట్టింది.

"ఏమయ్యా హార్లన్, నీకింకా తెలియలేదా, తెలియనట్టు నటిస్తున్నావా?"

"ఏం తెలియాలి?"

"ఆ రోజు వర్జీనియావాళ్లు అడిగినప్పుడు నేను ఇదిగో, ఈ బల్ల వెనకే ఉన్నా. వంతెన దగ్గర తెల్ల పెర్చ్ తప్ప ఇంకేం లేవు, పోకండి అన్నాడు క్లోవిస్."

"అదే కదా నేననేదీ!"

"వాళ్లెక్కడివాళ్లు?"

"వర్జీనియా."

"వర్జీనియాలో తెల్ల పెర్చ్ అంటే ఏ చేప?"

వాళ్లకీ మాలాగే ఆ పేరుతో ఉండేది, ఎర మేసి పోయే ఆ ముళ్ల చేపే.

ముప్పయ్యేళ్లు నేనెంత మొత్తుకున్నా మా మాట అననివాడు, ఆ ఒక్కసారి మావాళ్ల అర్థంలో అన్నాడు. నా చెట్లు కాపాడటానికి అన్నాడు. నేను వాణ్ణి ఎనిమిది మందిలో ద్రోహిని చేశాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎర తొట్టిలోకి చూశాను.

"మరి వాళ్లు అక్కడికెలా వచ్చారు?" అన్నాను చివరికి.

"నీ కేకలు విని."

"నేను కేకలేస్తానా?"

కొట్టులో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా గోడ మీది కేలెండర్‌తో పనిపడింది. మోటార్లు బాగుచేసే డెల్బర్ట్ మాత్రం ఆపుకోలేకపోయాడు.

"క్రాపీ పడిందంటే చాలు, గావుకేక పెడతావు గురూ! పెద్దదైతే రెండు. డ్యాము దాకా వినిపిస్తుంది. మా ఆవిడ వంటింట్లోంచి నీ కేకలు లెక్కపెట్టి, ఇవాళ చేపలు బాగా పడుతున్నాయి, వెళ్లిరా అంటుంది నాతో."

"ఆ శుక్రవారం సాయంత్రం తొమ్మిది కేకలు," అంది వెర్లీనక్క. "వాళ్లు నా కొట్టు ముందే నిలబడి విన్నారు."

"మరి రెండేళ్ల నుంచీ నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పనిచ్చావు? వచ్చిన ప్రతిసారీ నువ్వే చెప్తివి. మేం వింటిమి."

తప్పు నలుగురిలో చేశాను కాబట్టి దిద్దుబాటు కూడా నలుగురిలోనే చేయాలనిపించింది. ఏ చేప ఎక్కడ పడుతోందో వెర్లీనక్క రాసిపెట్టే నల్లబోర్డు తలుపు పక్కనే ఉంది. సుద్దముక్క తీసుకుని దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను. పాత రైలు వంతెన, ఉత్తరం ఒడ్డు నుంచి మూడో స్తంభం, దానికి నలభై అడుగుల ఎగువన పదమూడు చెట్లు. క్లోవిస్ ఎవరికీ చెప్పలేదు. అరిచింది నేను. కింద సంతకం పెట్టాను.

"ఒంట్లో బాగానే ఉందా హార్లన్?" అన్నాడు డెల్బర్ట్. నేను సుద్ద కింద పెట్టేలోపు మాత్రం అతని ట్రక్కు స్టార్టయింది.

క్లోవిస్ ఇంట్లో గోడలన్నీ బోసిగా ఉన్నాయి. హాలు నిండా అట్టపెట్టెలు. వాడు నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. నేను గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. తెల్ల పెర్చ్ సంగతి, కేకల సంగతి, బోర్డు సంగతి. అంతా విని వాడు అడిగిన మొదటి మాట:

"చెట్ల చోటు బోర్డు మీద రాశావా?"

"రాశాను."

"అడుగులతో సహా?"

"అడుగులతో సహా."

"నీకు మతి పోయిందా బావా? ఆ పదమూడింట్లో ఏడు నేను మోసినవి! నన్నొక్క మాట అడగాలనిపించలేదూ?"

అనిపించలేదు. క్షమాపణ అడగడానికి వస్తూ వస్తూ దారిలో వాడి వాటా కూడా ఊరికి పంచిపెట్టి వచ్చాను. ఇంత తెలివి ఒక్క మనిషికే ఎలా పట్టిందో!

"తప్పయిపోయింది రా. ఇదీ, అదీ, రెండూ," అన్నాను.

క్లోవిస్ ఒక పెట్టె మీద కూర్చున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"చెట్ల గురించి నువ్వన్నదానికి నేను బాధపడలేదు బావా. నువ్వు కేకలేస్తావని నాకు ముప్పయ్యేళ్ల నుంచీ తెలుసు. రెండ్రోజుల్లో చల్లబడతావు, వస్తావు అనుకున్నా. నీకూ నాకూ ఏం సంబంధం అన్నావు చూడు, అదే. అక్క పోయాక ఈ ఊళ్లో నాకున్నది నువ్వొక్కడివే. ఆ ఒక్కటీ లేదని నువ్వే చెప్పాక, ఇంక ఇక్కడెందుకు?"

నాకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా అన్యాయం జరిగింది నాకేనని ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. ఆ రెండేళ్లూ వీడు ఈ ఇంట్లో నాకోసం ఎదురుచూశాడు, ఒక్కడే.

"ఉండిపోరా," అన్నాను.

"కాగితాల మీద సంతకాలైపోయాయి. అక్కడ మా అన్న కూతురు గది కూడా సర్ది పెట్టింది."

"ఎప్పుడు వెళ్తున్నావు?"

"రేపు కాదు, ఆపై ఆదివారం."

నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఇవాళ్టితో కలిపి ఎనిమిది వచ్చింది. తప్పేమోనని మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ ఎనిమిదే.

"రేపు పొద్దున వస్తావా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఐదున్నరకి పడవ తెస్తాను."

క్లోవిస్ జేబులోంచి చాకు తీశాడు. గోడవారగా ఉన్న పొడుగాటి పెట్టె దగ్గరికి వెళ్లి, టేపు కోసి, గాలపు కర్రలు రెండూ బయటికి లాగాడు.

"రేపెందుకు?" అన్నాడు, ఒకటి నా చేతికిస్తూ. "ఇంకా మూడు గంటల వెలుగుంది."