మూడు వేళ్ళ సబ్బు

మధ్యాహ్నపు ఎండకు రేకుల షెడ్డు కాగిపోతోంది. గంగాళంలో నూనె, సోడా కలిసి అప్పుడప్పుడే చిక్కబడుతున్నాయి. ఆ సమయంలో తెడ్డు ఆపితే సబ్బు విరిగిపోతుంది. ఆ సంగతి తెలిసినవాడు గనకే వీధి మూలమీది కొట్టాయన సరిగ్గా అప్పుడే వచ్చాడు. తెచ్చిన రెండు పెట్టెలూ గుమ్మంలో పెట్టి, పాకం తిప్పుతున్న సబ్బులక్క తెడ్డు వదిలి మీదికి రాలేదన్న ధైర్యంతో నోరు విప్పాడు.

"ఈ సరుకు వెనక్కి తీసుకో సబ్బులక్కా. ఇక నాకు పంపకు."

"ఏం, పాడైందా?"

"పాడవడమేంటి, జనం ఇదే అడుగుతున్నారు. కానీ ఈ మూడు వేళ్ళ గుర్తు టోకు బాబాయ్‌దట. ఆయన మనిషొచ్చి చెప్పి పోయాడు. ఆయన ఫ్యాక్టరీ సబ్బు తప్ప ఈ గుర్తున్నది ఇంకేది అమ్మినా కేసేనంట."

"నా వేళ్ళు ఆయనవెప్పుడయ్యాయి?"

కొట్టాయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఆయన కొట్టులో నూనె డబ్బా నుంచి అగ్గిపెట్టె దాకా టోకు బాబాయ్ దగ్గర అరువు తెచ్చిందే. "నన్నడిగితే ఏం చెప్పను తల్లీ" అంటూ వచ్చినంత వేగంగానే జారుకున్నాడు.

ఆ మూడు వేళ్ళ కథ పెద్ద కథేమీ కాదు. సబ్బు పాకం గళ్ళ చెక్క అచ్చుల్లో పోశాక, అది తీయడానికి ఎప్పుడు సిద్ధమవుతుందో తెలియాలంటే వేలు పెట్టి నొక్కి చూడాలి. అంటుకుంటే ఇంకా ఉంచాలి, గుంట పడి నిలిస్తే తీయాలి. ఆ వీధిలో సబ్బు చేసేవాళ్ళంతా చేసేది అదే. తర్వాత తాపీతో ఆ గుంట చదును చేసి, బిళ్ళ నున్నగా కనిపించేలా చూస్తారు. సబ్బులక్కకు అంత తీరిక ఎప్పుడూ లేదు. మొగుడు పోయిన కొత్తలో గంగాళమూ ఆమే, అచ్చూ ఆమే, అమ్మకమూ ఆమే. ఒక్కో బిళ్ళనూ మూడు వేళ్ళతో నొక్కి అలాగే వదిలేసేది. సోడా పడి కాలి వంకరపోయిన ఉంగరపు వేలు వల్ల మూడో గుంట ఎప్పుడూ పక్కకు ఒరిగి ఉండేది. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత ఆ వంకర గుంట ఉందో లేదో చూసి మరీ కొనేవాళ్ళు. అప్పట్లో ఉప్పునీళ్ళలో కూడా నురగొచ్చే సబ్బు అదొక్కటే మరి. బిళ్ళ పన్నెండు రూపాయలు. అందులో ఆమెకు మిగిలేది రెండున్నర.

టోకు బాబాయ్ ఆమెకు ఏ వరసా కాడు. సరుకు కొన్న మొదటి రోజునే "అమ్మాయ్, నన్ను బాబాయ్ అనుకో" అన్నాడు. ఆమె అనుకుంది. పోయిన వేసవిలో తడి సున్నపు ముద్ద ఒకటి పళ్ళెంలో తెచ్చి, "నీ వేళ్ళు ఒకసారి ఇందులో నొక్కు అమ్మాయ్, సబ్బు కాగితం మీద అచ్చు వేయిస్తాను. నీ పేరు ఊరంతా మోగుతుంది" అన్నాడు. ఆమె సిగ్గుపడుతూ నవ్వి నొక్కింది. సరిగ్గా పడలేదని తనే ముద్ద మళ్ళీ చదును చేయించుకుని రెండోసారి నొక్కింది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో ఆ రోజు ఆమెకు తట్టలేదు.

సాయంత్రం మరిది ఇంటికొచ్చాడు. టోకు బాబాయ్ దగ్గర వ్యాను తోలతాడు. జేబులోంచి ఒక కాగితం తీసి వదిన చేతికివ్వకుండా నేల మీద పెట్టాడు.

"సంతకం చేయమన్నారు వదినా. చేస్తే ఫ్యాక్టరీలో నిన్ను సూపర్‌వైజర్ని చేస్తారంట. నెల జీతం."

"ఏముంది అందులో?"

ఆమె తోడికోడలు కాగితం అందుకుని చదివింది. గుర్తు మొదటినుంచీ బాబాయ్‌దేనని, సబ్బులక్క ఆయన దగ్గర కూలికి సబ్బు చేసిపెట్టేదని ఉంది. చదవడం పూర్తిచేసి మొగుడి వంక చూసింది.

"గుర్తు ఆయనదే అయితే అక్క సంతకం ఎందుకట?"

"నాకేం తెలుసు? డ్రైవర్ని."

"డ్రైవరువే. అయినా అడగాల్సింది నువ్వే కదా!"

"నా ఉద్యోగం పోతే నువ్వు తెస్తావా?" అని అతను గయ్యిమన్నాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

తోడికోడలిది ఊరుకునే రకం కాదు. పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల గురించి చిన్న పరిశ్రమలవాళ్ళకు ఉచిత తరగతి ఉందని ఎక్కడో గోడ మీద చూసి, ఆదివారం పొద్దున్నే సబ్బులక్కను లాక్కుని పరిశ్రమల సంఘం హాలుకు తీసుకుపోయింది. హాలు చల్లగా ఉంది. వచ్చినవాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలు. ముందు వరసలో, టీకీ కుర్చీలకూ ఖర్చు పెట్టిన పెద్దమనిషిగా టోకు బాబాయ్ కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి చిరునవ్వు నవ్వాడు కూడా.

పాఠం చెప్పేది ఒక లాయరమ్మ. గొంతు పెంచకుండా, ఎవరినీ తక్కువ చేయకుండా చెబుతోంది. కొత్త వస్తువో, చేసే పద్ధతో కనిపెడితే దానికి పేటెంటు. మన సరుకును జనం గుర్తుపట్టే పేరో బొమ్మో అయితే ట్రేడ్‌మార్కు. దరఖాస్తు పెట్టాక దాన్ని అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు గడువులోగా చెప్పుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. "ఉదాహరణకు ఒక చిన్న గుర్తు పెద్ద వ్యాపారం ఎలా అవుతుందో చూడండి" అంటూ తెర మీద ఒక బొమ్మ వేసింది.

మూడు గుంటలు. మూడోది పక్కకు ఒరిగి ఉంది.

సబ్బులక్క లేచి నిలబడింది. తను లేచానని కూడా ఆమెకు తెలియలేదు.

"అది నా వేలు" అంది.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆమె చెయ్యి పైకెత్తి వంకర వేలు చూపించింది. నవ్వు కాస్త తగ్గింది కానీ ఆగలేదు. టోకు బాబాయ్ వెనక్కి తిరిగి, "అవునండీ, మా దగ్గర పనిచేసిన అమ్మాయే. ఆ అచ్చుకు చెయ్యి ఇచ్చింది ఈమే. పాపం, అమాయకురాలు" అన్నాడు. తేనె పూసిన కత్తి అలాగే ఉంటుంది.

లాయరమ్మ ఆమెనే చూస్తూ అంది: "వేలు ఎవరిదన్నది కాదమ్మా ఇక్కడ ప్రశ్న. ఆ గుర్తుతో సరుకు ముందుగా అమ్మింది ఎవరన్నది. మీరు అమ్మినట్టు బిల్లులున్నాయా? తేదీ వేసిన కాగితాలు, ప్రకటనలు?"

"అప్పుడే చేసి అప్పుడే అమ్మేదాన్ని. బిల్లెవరు రాశారు?"

"మీ దగ్గర కొన్న కొట్లవాళ్ళు రాసిస్తారా, ఎప్పటినుంచి అమ్ముతున్నారో? లేదా మీ సరుకు మోసుకెళ్ళిన మనిషి? ఈయన పెట్టిన దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పడానికి గడువు నెలాఖరుదాకా ఉంది."

"సబ్బు చేసే పద్ధతి కూడా నాదే. ఏ నూనె ఎంత కలపాలో నేనే కనిపెట్టాను."

"ఇంకెవరికైనా చెప్పారా?"

"మా వీధిలో అందరికీ నేర్పాను. బతకాలి కదా వాళ్ళూ."

"బయటికి చెప్పేసిందాన్ని కొత్తదనరమ్మా. దానికి పేటెంటు రాదు."

"అయితే దాచుకున్నవాడికే మర్యాద, పంచినవాడికి మట్టి. మంచి చట్టమే!" అని సబ్బులక్క కుర్చీలో కూలబడింది. తోడికోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఎవరో వెనకనుంచి "టీ ఎప్పుడండీ?" అని అడిగారు.

ఆ వారమంతా ఆమె కొట్ల చుట్టూ తిరిగింది. ఎన్నేళ్ళనుంచో తన సబ్బు అమ్ముతున్నవాళ్ళే. ఒకడు తలనొప్పన్నాడు. ఒకడు "రాయడం నాకు రాదు" అన్నాడు, రోజంతా చిట్టా రాసే మనిషి. మూలమీది కొట్టాయన మాత్రం నిజం చెప్పాడు: "నాకు తెలుసక్కా, సబ్బు నీదే. రాసిచ్చానంటే రేపటికి నా కొట్టులో నూనె చుక్క ఉండదు. నన్ను వదిలెయ్." సొమ్మొకడిది, సోకొకడిది. సాక్ష్యం మాత్రం ఎవడిదీ కాదు. ఆమెకు వాళ్ళ మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. పళ్ళెంలో ముద్ద తెచ్చి పెట్టగానే రెండుసార్లు నొక్కిన చెయ్యి కదా!

ఇక మిగిలింది ఒక్కడే. టోకు బాబాయ్ దగ్గర చేరకముందు ఆరేళ్ళ పాటు ఆ సబ్బు పెట్టెలు సైకిలు మీద కట్టుకుని కొట్టు కొట్టుకూ తిప్పింది మరిదే. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. తోడికోడలు గిన్నెలు మామూలుకంటే గట్టిగా తోమింది.

గడువుకు రెండు రోజులుందనగా టోకు బాబాయ్ స్వయంగా షెడ్డుకు వచ్చాడు. వెనకే మరిది. గంగాళం పొద్దున్నే ఖాళీ అయింది. అచ్చులన్నీ వరసగా నిండి ఉన్నాయి. సబ్బులక్క వంగి ఒక్కో గడిలో వేళ్ళు నొక్కుకుంటూ పోతోంది.

"అమ్మాయ్, పంతం మంచిది కాదు. నేను నిన్ను ఆపమన్నానా? సబ్బు నువ్వే చెయ్యి. మొత్తం నేనే కొంటాను, బిళ్ళకు తొమ్మిది. నున్నగా ఇవ్వు చాలు. వేళ్ళు మా మిషను వేసుకుంటుంది" అన్నాడు.

ఆమె నడుము ఎత్తింది. అంటే తను చేసిన సబ్బు మీద తన వేళ్ళు తీసేసి, మళ్ళీ తన వేళ్ళే అక్కడ మిషనుతో వేసి, ఇరవైకి అమ్ముతాడు.

"నేనమ్మనండీ."

ఇన్నేళ్ళలో ఆయన్ని బాబాయ్ అనకపోవడం అదే మొదటిసారి. ఆయన గమనించినట్టే ఉన్నాడు. ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మకపోతే ఎక్కడ పెట్టుకుంటావు? ఏ కొట్టువాడు తీసుకుంటాడు? రెండు రోజులాగితే ఆ గుర్తు వేస్తే నేరం. ఇవాళే అలవాటు చేసుకో." గోడకు వేలాడుతున్న తాపీ తీసి మరిది చేతిలో పెట్టాడు. "ఒరేయ్, చదును చెయ్యి. మీ వదినకు చేతకాదులే."

మరిది తాపీ పట్టుకుని నిలబడ్డాడు. భార్య గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది. అతను వంగి మొదటి అచ్చు మీద తాపీ లాగాడు. ఒకటి, రెండు, మూడు గడులు నున్నగా అయ్యాయి. సబ్బులక్క అడ్డం వెళ్ళలేదు. ఆమె చూపు అతని చేతి మీదే ఉంది. చిన్నప్పుడు ఆ చేతికి తనే కాలిన చోట వెన్న రాసింది. ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు ఆగలేదు.

మొదటి అచ్చు అయిపోయింది. రెండో దాని దగ్గరికి జరిగి అతను ఆగిపోయాడు.

"ఊఁ" అన్నాడు టోకు వ్యాపారి.

"ఈ సబ్బు నేనే మోశానండీ" అన్నాడు మరిది. తల ఎత్తలేదు. "మీ దగ్గర చేరకముందు. సైకిలు మీద. ఈ గుర్తుతోనే."

"ఎవరడిగారు నిన్ను?"

"ఎల్లుండిలోగా ట్రేడ్‌మార్కు ఆఫీసులో చెప్పుకోవాలంట కదా. అక్కడ కూడా ఇదే చెప్తాను."

వ్యాపారి ముఖం కందగడ్డలా అయింది. ఏదో అనబోయి, గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషిని చూసి, మానుకుని చెయ్యి చాచాడు.

"వ్యాను తాళం."

మరిది తాపీ కింద పెట్టి జేబులోంచి తాళం తీసిచ్చాడు. చేతికున్న పచ్చి సబ్బంతా దానికి అంటుకుంది. వ్యాపారి దాన్ని రుమాలుతో తుడుచుకుంటూ బయటికి నడిచాడు. తనకు వ్యాను తోలడం రాదని రోడ్డు మీదికి వెళ్ళాక గుర్తొచ్చినట్టుంది. అటూ ఇటూ చూస్తూ ఎండలో నిలబడ్డాడు.

తోడికోడలు మొగుడి పక్కకొచ్చి నిలబడింది. "నెల జీతం పోయింది" అంది. గొంతులో కోపం ఉంది, భయం అంతకంటే ఎక్కువ ఉంది.

"తెలుసు" అన్నాడతను.

సబ్బులక్క కళ్ళు తుడుచుకుని రెండో అచ్చు మీదికి వంగింది. పాకం బిగుసుకుంటోంది, ఇంకా సగం గడులు నొక్కాల్సినవే.